యార్డ్ వేస్ట్ సైటు కట్టెలతో ఇంటికి వేడి: మిన్నెసోటాలో ఒక కేస్ స్టడీ

ఈ కేసు మినియాపొలిస్, సెయింట్ పాల్ జంటనగరాలకు ఉత్తరపు అంచున, పెద్ద స్థలంలో కట్టిన ఒక తెలుగు కుటుంబపు ఇంటిది. ఆ రోడ్డుకు సహజవాయువు గొట్టం లేదు. ఇల్లంతా ప్రొపేన్ ఫర్నేసు మీదే వెచ్చబడుతుంది, పెరట్లోని ట్యాంకును చలికాలంలో మళ్లీ మళ్లీ నింపించుకోవలసి వస్తుంది. హాల్లో ఇటుకలతో కట్టిన పాత ఫైర్‌ప్లేస్ ఒకటి ఉంది, కానీ తెరిచి ఉండే అటువంటి ఫైర్‌ప్లేస్ కట్టెలోని వేడిలో పదోవంతుకు అటూ ఇటూ మాత్రమే గదికి ఇచ్చి, మిగిలినదాన్ని ఇంట్లోని వెచ్చటి గాలితో సహా పొగగొట్టం గుండా బయటికి లాగేస్తుంది. కట్టెల స్టవ్‌లు అమర్చడం, పొగగొట్టాలు తనిఖీ చేసి శుభ్రం చేయడం నా వృత్తి. ఆ ఫైర్‌ప్లేస్‌లో ఇమిడే ఇన్సర్ట్ స్టవ్ పెట్టించుకోవాలన్న ఆలోచనతో ఇంటి యజమాని నన్ను పిలిచారు. కట్టెలు ఎక్కడివని అడిగితే, దగ్గర్లోని యార్డ్ వేస్ట్ సైటులో, అంటే పెరటి ఆకులు, కొమ్మలు పడేసే స్థలంలో, దుంగలు గుట్టలుగా పడి ఉన్నాయని, అవి ఉచితమని చెప్పారు.

ఉచితమన్న మాట నిజమే. అయితే ఆ కట్టె ఇంటిని వెచ్చబెడుతుందా, పొగగొట్టంలో తారులా పేరుకుంటుందా అన్నది గుట్ట ముందు నిలబడి ఏ దుంగను ఎత్తాలి, దేన్ని వదిలేయాలి అని నిర్ణయించుకునే ఆ కొద్ది నిమిషాల్లోనే తేలిపోతుంది. తరువాత ఎంత కష్టపడి చీల్చి పేర్చినా ఆ నిర్ణయాన్ని సరిదిద్దడం కష్టం. ఈ కుటుంబంతో నేను చేసిన పనిలో పెద్ద భాగం స్టవ్ అమర్చడం కాదు, ఆ ఎంపికను నేర్పడం.

ముందు డబ్బు లెక్క

స్టవ్ కొనకముందే ఒక లెక్క వేసి చూపించడం నా అలవాటు. అమెరికాలో కట్టెలను కార్డ్ అనే ఘనపరిమాణంలో కొలుస్తారు. 4 అడుగుల ఎత్తు, 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవున పేర్చిన 128 ఘనపుటడుగుల వరుస ఒక కార్డ్. గ్రీన్ యాష్ అనే చెట్టు ఎండుకట్టె ఒక కార్డ్‌లో సుమారు 2 కోట్ల బీటీయూల వేడి ఉంటుంది (బీటీయూ అంటే వేడిని కొలిచే ప్రమాణం). 70 శాతం సామర్థ్యమున్న స్టవ్‌లో కాలిస్తే అందులో 1.4 కోట్లు ఇంటికి దక్కుతాయి. అంతే వేడిని 95 శాతం సామర్థ్యమున్న ఫర్నేసు ఇవ్వాలంటే సుమారు 160 గ్యాలన్ల ప్రొపేన్ కాల్చాలి. అదే సహజవాయువైతే 147 థెర్మ్‌లు (ఒక థెర్మ్ అంటే లక్ష బీటీయూలు) చాలు, వాటి ఖరీదు చాలా ఏళ్లలో ప్రొపేన్ ఖరీదులో సగానికి అటూ ఇటూ ఉంటుంది. అందుకే వాయువు గొట్టమున్న ఇళ్లవారు అడిగినప్పుడు ఈ శ్రమ డబ్బుకోసమైతే వద్దని నేను నిర్మొహమాటంగా చెబుతాను. ఈ ఇంటికి లెక్క వేరు. ఏటా రెండు మూడు కార్డ్‌లు కాల్చగలిగితే ప్రొపేన్ ట్యాంకు నింపే సందర్భాలు స్పష్టంగా తగ్గుతాయి.

2020 మే తరువాత అమ్మే కొత్త స్టవ్‌లకు అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ పెట్టిన పొగ పరిమితి, మామూలు పొయ్యి కట్టెలతో పరీక్షిస్తే, గంటకు 2.5 గ్రాములు. ఆ ప్రమాణానికి లోబడిన ఇన్సర్ట్‌ను, ఇటుక పొగగొట్టం లోపల 6 అంగుళాల స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాన్ని పైదాకా దించి అమర్చాను. కొత్త స్టవ్‌లు పొగను మండించుకుని వేడిగా మార్చుకుంటాయి కనుక పాతవాటికంటే పొదుపరివి, అదే కారణంగా తేమ విషయంలో పాతవాటికంటే పట్టుదల ఎక్కువ. కట్టెలో తేమ 20 శాతానికి మించితే లోపలి మంట ఆ పొగను కాల్చగలిగినంత వేడెక్కదు. గాజు తలుపు నల్లబడుతుంది, గొట్టంలో క్రియోసోట్ అనే తారులాంటి మసి పేరుకుంటుంది.

ఈ గుట్టలు ఎక్కడినుంచి వచ్చాయి

మిన్నెసోటాలో ఆకులు, కొమ్మలు, గడ్డి వంటి పెరటి వ్యర్థాలను మామూలు చెత్తలో కలపడాన్ని జంటనగరాల ప్రాంతంలో 1990లోనూ, మిగతా రాష్ట్రంలో 1992లోనూ నిషేధించారు. అలా వేరుచేసిన వ్యర్థాలను వేసేందుకు కౌంటీలు, మునిసిపాలిటీలు స్థలాలు నడుపుతున్నాయి. గృహస్థులు, కొన్నిచోట్ల చెట్లు కొట్టే కాంట్రాక్టర్లు తెచ్చి పడేసిన మాను ముక్కలు అక్కడ గుట్టలవుతాయి. కొంతకాలానికి గ్రైండర్ వచ్చి వాటిని పొట్టుగా మార్చేస్తుంది. సెయింట్ పాల్‌లో 2003 నుంచి ఇటువంటి చెట్ల వ్యర్థాలనే కాల్చి కరెంటు తీస్తూ, ఆ వేడితో నగర మధ్యభాగంలోని భవనాలకు వేడినీటి గొట్టాల ద్వారా వెచ్చదనం అందించే ప్లాంటు ఉంది. కనుక ఇంటికి కట్టె తీసుకుపోవడమంటే నిరుపయోగంగా కుళ్లిపోయేదాన్ని కాపాడడమని అనుకోకూడదు, దానికి వేరే దారులూ ఉన్నాయి.

ఇప్పుడు ఆ గుట్టల్లో యాష్ అంతగా కనిపించడానికి కారణం ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే ఆకుపచ్చ పురుగు. తూర్పు ఆసియాకు చెందిన ఈ పురుగును అమెరికాలో మొదట 2002లో మిచిగన్‌లోని డెట్రాయిట్ దగ్గర గుర్తించారు, 2009లో సెయింట్ పాల్‌లో కనిపించింది. 1970లలో డచ్ ఎల్మ్ రోగం వల్ల వీధుల పక్కనున్న ఎల్మ్ చెట్లు కూలినప్పుడు వాటి స్థానంలో యాష్‌లు విరివిగా నాటారు, ఇప్పుడు వాటి వంతు వచ్చింది. రాష్ట్రంలో మొత్తం యాష్ చెట్లు సుమారు వంద కోట్లని అంచనా. వీధుల్లో, పెరళ్లలో పురుగు పట్టినవాటిని కొట్టేస్తూ వస్తున్నందువల్ల ఇన్ని దుంగలు ఒకేసారి సైటులకు చేరుతున్నాయి.

అనుమతి గురించి ఒక్క మాట. సైటులో పడేసిన దుంగ ఎవరిదీ కాదని అనుకోవడం తప్పు, పడేసిన క్షణం నుంచి అది ఆ స్థలాన్ని నడిపేవారిది. కొన్ని సైటులు నివాస ధ్రువీకరణ చూపించినవారికి తీసుకుపోనిస్తాయి, కొన్ని ప్రమాద భయంతో అసలు ఒప్పుకోవు, తీసుకోనిచ్చే చోట కూడా చైన్ సా వాడనివ్వకపోవడం మామూలు. ఈ కుటుంబం ఎంచుకున్న సైటులో చేతితో ఎత్తగలిగినదాన్ని తీసుకోవచ్చు, రంపం వాడకూడదు. అంటే స్టవ్‌లో పట్టే పొడవుకు ముందే కోసి ఉన్న దుంగలే వీరికి పనికివస్తాయి. ఇన్సర్ట్ పొడవుకు సరిపోయేలా 16 అంగుళాల కొలత కర్ర ఒకటి చేయించి బండిలో పెట్టించాను. చూపుకు సరిపోయినట్టు కనిపించిన దుంగ ఇంటికెళ్లాక రెండంగుళాలు ఎక్కువైందంటే దానికి ఇంట్లో ఇంకొక కోత తప్పదు.

గుట్ట ముందు ఎంపిక

మొదటిసారి నేను వారితో వెళ్లింది మార్చి చివర్లో. అప్పటికి ఏ చెట్టుకూ ఆకులు లేవు, ఉన్నా దుంగకు ఆకులుండవు. అందువల్ల బెరడు, చేవ రంగు, కొమ్మలు పుట్టిన తీరు, వాసన, వీటితోనే గుర్తుపట్టాలి. ఇంటి యజమాని తండ్రి, తాడేపల్లిగూడెం నుంచి వచ్చి కొడుకు దగ్గర ఉంటున్న పెద్దాయన, మాతోపాటు వచ్చారు. ఆయన నేరుగా వెళ్లి లావుపాటి బూడిదరంగు దుంగను ఎత్తబోయి ఆగారు.

“బాబూ, ఇది చూడు, ఎంత బరువుందో. మా ఊళ్లో అడితికి వెళితే తుమ్మ మొద్దును చేత్తో ఎత్తి చూసి కొనేవాళ్లం. ఇదీ అలాంటిదే.”

“అడితికి వచ్చేసరికే ఆ తుమ్మ ఎండి ఉండేది బాబాయి గారూ, అందుకని బరువు చేవది. ఇది ఈ మధ్యే కొట్టిన కాటన్‌వుడ్, దీని బరువంతా నీళ్లే” అన్నాను.

పచ్చికట్టెలో తేమను, పూర్తిగా ఎండిన కట్టె బరువుతో పోల్చి శాతంగా చెబుతారు. మాడిసన్‌లోని అమెరికా అటవీ ఉత్పత్తుల ప్రయోగశాల ప్రచురించిన పట్టికల ప్రకారం అప్పుడే కొట్టిన కాటన్‌వుడ్‌లో ఈ అంకె 150 అటూ ఇటూ ఉంటుంది, అంటే కట్టె బరువుకు ఒకటిన్నర రెట్లు నీళ్లు. బాస్‌వుడ్ బయటి తెల్ల భాగంలో 130 దాటుతుంది. అమెరికన్ ఎల్మ్‌లో 90కి పైన, రెడ్ ఓక్ చేవలో 80. యాష్ మాత్రం మొదటినుంచీ పొడి చెట్టు: తెల్ల యాష్‌లో 45 దగ్గర, గ్రీన్ యాష్ తెల్ల భాగంలో 58 దగ్గర. పురుగు పట్టి నిలువునా ఎండిన యాష్‌లో ఇంకా తగ్గుతుంది. ఈ ఒక్క వరుస అంకెలే ఈ కేసు మొత్తాన్ని నడిపించాయి. వసంతంలో చీల్చి పేర్చిన యాష్ ఆ శీతాకాలానికే 20 శాతం లోపుకు దిగుతుంది. ఓక్‌కు రెండేళ్లు పట్టవచ్చు. ఎండటం మొదలుపెట్టే చోటు ఇంత తేడాగా ఉన్నప్పుడు, ఈ ఏడు కాల్చదలచినవారు ఏది ముందు ఎత్తాలో ఆలోచించనక్కరలేదు.

యాష్‌ను గుర్తుపట్టడానికి ముసలి మాను బెరడు మీద వజ్రాకారపు గళ్లుగా లేచిన గట్లు మొదటి ఆనవాలు. కొమ్మలు ఒకదానికొకటి ఎదురెదురుగా పుడతాయి. మన గుట్టల్లో ఎదురు కొమ్మలుండే పెద్ద చెట్లు యాష్, మేపుల్ జాతులే, బాక్స్ ఎల్డర్ కూడా మేపులే. పురుగు పట్టిన యాష్‌కు వడ్రంగిపిట్టలు బెరడు పైపొర ఒలిచిన లేత మచ్చలు, ఇంగ్లీషు డి అక్షరంలా ఒకవైపు చదునైన, 3 మిల్లీమీటర్ల రంధ్రాలు, బెరడు కింద పాములా వంకరలు తిరిగిన సొరంగాలు కనిపిస్తాయి. ఆ సొరంగాలను చూసి చాలామంది ఆ కట్టె పుచ్చిపోయిందని వదిలేస్తారు. పురుగు బెరడు కిందే తింటుంది, లోపలి కట్టె గట్టిగానే ఉంటుంది.

మేపుల్‌ల విషయంలో నాది కొంచెం పక్షపాతమే. సిల్వర్ మేపుల్‌లో కార్డ్‌కు 1.9 కోట్ల బీటీయూల దాకా ఉంటాయి, త్వరగా ఎండుతుంది, తేలిగ్గా చీలుతుంది. శరదృతువులో, వసంతంలో పగలు మాత్రమే చిన్న మంట కావలసినప్పుడు ఓక్ కంటే అదే మంచిది. లోపల ఎర్రటి చారలుండే బాక్స్ ఎల్డర్‌ను అందరూ తీసిపారేస్తారు, వంట చేసే అర్థగంటకు గది వెచ్చబడాలంటే అదీ పనికివస్తుంది. కాటన్‌వుడ్, బాస్‌వుడ్ మాత్రం చేసే శ్రమకు ఇచ్చే వేడి తక్కువ. బాస్‌వుడ్‌లో కార్డ్‌కు 1.4 కోట్లే. మోసేది నీళ్లు, చీల్చేది గాలి అయితే ఆ సమయాన్ని ఇంకొక యాష్ దుంగకు ఇవ్వడమే మేలు. పేపర్ బర్చ్ తెల్లటి బెరడు నీటిని బయటికి పోనివ్వదు కనుక వెంటనే చీల్చకపోతే లోపలే కుళ్లుతుంది. వారం లోపల చీల్చగలిగితేనే తీసుకోమని చెప్పాను.

వీరు పట్టించుకోని ఒక మంచి కట్టె బక్‌థార్న్. ఐరోపానుంచి వచ్చి మిన్నెసోటా అడవుల అడుగున పాకిపోయిన ఈ చెట్టును పెరళ్లలోంచి పీకి తెచ్చి సైటుల్లో పడేస్తారు. కోస్తే లోపల నారింజరంగు చేవ, బయట పసుపు పొర. మణికట్టు లావు కాండాలే కనుక చీల్చనక్కరలేదు, కోసి పేరిస్తే చాలు, నిలకడగా మండుతుంది. అయితే నల్లటి పండ్లున్న కొమ్మను తెస్తే ఇంటి చుట్టూ విత్తనాలు వేసుకున్నట్టే. పండ్లు లేని కాండాన్ని మాత్రమే తీసుకోవాలి.

పెరటి చెట్లకు ఇంకొక లక్షణం ఉంది, అడవి చెట్టుకు లేనిది: మేకులు, బట్టల తీగ కొక్కేలు, ఎప్పుడో కట్టిన తీగలు కట్టె లోపల ఇమిడి ఉంటాయి. ఓక్ కోత మీద నీలి నలుపు మచ్చ కనిపిస్తే లోపల ఇనుము ఉన్నట్టే, ఓక్‌లోని టానిన్ ఇనుముతో కలిసి ఆ రంగు వస్తుంది. ఆ దుంగను అక్కడే వదిలేయాలి. బెరడును గట్టిగా పట్టుకున్న, వెంట్రుకలు మొలిచినట్టుండే తీగ కనిపిస్తే అది పాయిజన్ ఐవీ కావచ్చు. దాన్ని తాకితే చర్మానికి దద్దుర్లు, కాలిస్తే ఆ పొగ ఊపిరితిత్తులకు ప్రమాదం. ఎండిపోయిన తీగలో కూడా దద్దుర్లు తెచ్చే నూనె ఉంటుంది కనుక తీగతో ఉన్న దుంగను చేతితో తాకవద్దన్నాను. కట్టడాలకు వాడిన చెక్క ముక్కలు, ముఖ్యంగా ఆకుపచ్చ రంగు పాత డెక్కు పలకలు, ఏ సందర్భంలోనూ వద్దు. ఇళ్ల కోసం అమ్మే చెక్కకు ఆర్సెనిక్ పట్టించడం 2003 చివరిదాకా సాగింది.

తెచ్చేటప్పుడు దూరం

యాష్ దుంగ తీసుకుంటున్నామంటే పురుగునూ తీసుకుంటున్నామని గుర్తుంచుకోవాలి. ఫెడరల్ ప్రభుత్వం ఈ పురుగు మీది దేశవ్యాప్త ఆంక్షలను 2021 జనవరిలో ఎత్తివేసినా, మిన్నెసోటా కౌంటీలవారీ ఆంక్షలను కొనసాగించింది. ఆంక్షలున్న కౌంటీ నుంచి లేని కౌంటీకి ధ్రువీకరణ లేకుండా గట్టిచెట్టు (హార్డ్‌వుడ్) కట్టె తరలించరాదు. ఈ కుటుంబానికి ఉత్తరాన ఒక సరస్సు ఒడ్డున కేబిన్ ఉన్న స్నేహితులున్నారు, వేసవిలో నెగడు వేసుకోవడానికి ఈ కట్టెలు పట్టుకెళ్లాలని అనుకున్నారు. కొట్టిన చోటికి 10 మైళ్ల లోపు కాల్చడం మంచిది, 50 మైళ్లు దాటడం తగదని నిపుణులు చెప్పే మాటను వారికి వివరించాను. ఉత్తరాన చిత్తడి నేలల్లో బ్లాక్ యాష్ అడవులున్నాయి. వాటి మానునుంచి విడదీసిన పలచటి చెక్క పట్టీలతో బుట్టలల్లడం అక్కడి ఆదివాసులైన ఒజిబ్వే ప్రజల సంప్రదాయం. వారాంతపు నెగడు కోసం ఆ అడవులకు పురుగును చేర్చడం నాకు ఊహించలేనంత బాధాకరం. వారు ఆ ఆలోచన మానుకున్నారు.

ఓక్ విల్ట్ ఇంకొక జాగ్రత్త. జంటనగరాల ఉత్తర శివార్ల ఇసుక నేలల్లో ఈ శిలీంధ్ర రోగం ఎక్కువ. గత వేసవిలో రోగంతో చనిపోయిన రెడ్ ఓక్ దుంగను బెరడుతో తెచ్చి పేరిస్తే, వసంతంలో బెరడు కింద శిలీంధ్రపు పొరలు ఏర్పడి, వాటికి ఆశపడి వచ్చే చిన్న పురుగులు రోగాన్ని పక్కింటి ఓక్‌లకు మోస్తాయి. ఈ ఇంటి చుట్టూ ఎనభై ఏళ్ల ఓక్‌లున్నాయి. అందుకని కారణం తెలియని రెడ్ ఓక్ వద్దని, తీసుకుంటే బెరడు ఒలవాలని, లేదా ఏప్రిల్ నుంచి జులై మొదటిదాకా అంచులు నేలలో కప్పేసిన మందపాటి ప్లాస్టిక్ కింద ఉంచాలని షరతు పెట్టాను. అదే కారణంతో బెరడుతో ఉన్న ఎల్మ్ కూడా వద్దన్నాను, డచ్ ఎల్మ్ రోగం మోసే పురుగులు బెరడు కిందే పెరుగుతాయి.

పచ్చి గ్రీన్ యాష్ కార్డ్ బరువు సుమారు 4,000 పౌండ్లు. మామూలు హాఫ్ టన్ను పికప్ మోయదగిన బరువు 1,500 పౌండ్లకు అటూ ఇటూ. కనుక పికప్ నిండుగా కనిపించేదాకా వేస్తే అప్పటికే మితిమీరి ఉంటుంది. చక్రాల మీది అంచు వరకు ఒక వరుస, అంతకు మించి వద్దన్నాను.

చీల్చడం, ఎండబెట్టడం, కొలవడం

యాష్ సూటిగా చీలుతుంది, బరువైన గొడ్డలితో ఒకటి రెండు దెబ్బలకే విడిపోతుంది. జనవరి గడ్డకట్టే చలిలో తడికట్టె ఇంకా తేలిగ్గా పగులుతుంది కనుక, మొండి దుంగలను చలికాలానికి ఆపుకొమ్మన్నాను. చేతిలో పట్టేంత, అంటే 4 నుంచి 6 అంగుళాల ముక్కలుగా చీల్చి, ప్యాలెట్ల మీద నేలకు ఎడంగా, గాలి దాటేలా ఒకే వరుసగా, దక్షిణపు ఎండ పడే కంచె పక్కన పేర్పించాను. పైన మాత్రం రేకు, పక్కలు తెరిచి ఉండాలి. నాలుగువైపులా టార్పాలిన్ చుట్టిన కట్టెల కుప్ప ఎండదు, చెమర్చుతుంది. ప్రతి వరుస చివర చెట్టు పేరు, చీల్చిన నెల పెన్సిలుతో రాయమన్నాను.

తేమ మీటరును కట్టె చివర గుచ్చి చూసి సంతోషించడం అందరూ చేసే పని. చివరలు, పైభాగం త్వరగా ఎండుతాయి. ముక్కను మళ్లీ రెండుగా చీల్చి, కొత్తగా కనిపించిన లోపలి ముఖం మధ్యలో, నార వెంట సూదులు గుచ్చి చూడాలి. గడ్డకట్టిన కట్టె తప్పుడు అంకె చూపుతుంది కనుక, కొలవబోయే ముక్కలను ఒక రోజు ముందే ఇంట్లోకి తెచ్చి పెట్టుకోవాలి. అక్టోబరులో ఇలా చూసినప్పుడు ఎండు యాష్ 20 లోపే ఉంది, సిల్వర్ మేపుల్ దానికి దగ్గరగా ఉంది, అదే వసంతంలో పేర్చిన బర్ ఓక్ 30 దాటే చూపించింది. ఓక్ వరుసను తాడు కట్టి వేరుచేసి, వచ్చే ఏడాదికి వదిలేశారు. చలి తీవ్రమయ్యాక దాన్ని ముట్టకుండా ఉండడానికి ఆ తాడు నిజంగానే ఉపయోగపడింది.

ఆ చలికాలం ఇంటివారు సాయంత్రాలూ, పెద్దాయన పగళ్లూ స్టవ్ నడిపారు. ఫర్నేసు తెల్లవారుజామున మాత్రమే పనిచేసేది, ప్రొపేన్ బండి రావడం తగ్గింది. ఏప్రిల్‌లో నేను గొట్టంలో బ్రష్ దించినప్పుడు గోధుమరంగు పొడి మసి తప్ప మెరిసే గట్టి క్రియోసోట్ లేదు. పొర అంగుళంలో ఎనిమిదో వంతు దాటితే శుభ్రం చేయించాలన్నది వృత్తిలో మాకుండే హద్దు, ఇక్కడ అంత లేదు, అయినా ఏటా ఒకసారి చూపించుకోవలసిందే. బూడిదను మూతున్న ఇనుప డబ్బాలో, ఇంటికి దూరంగా కాంక్రీటు మీద పెట్టడం, పడకగదికి 10 అడుగుల లోపు కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండడం నేను ఈ ఇంట్లో పట్టుబట్టి చేయించిన రెండు పనులు. రెండోది మిన్నెసోటాలో చట్టం కూడా.

ఇకముందు చేయవలసింది ఇంకా ఉంది. పురుగు ముందుకు సాగేకొద్దీ ఈ సైటుకు వచ్చే యాష్ తగ్గుతుంది, ఎందుకంటే చుట్టుపక్కల నిలిచి ఉన్న యాష్‌లు తగ్గుతాయి. యాష్ ఉన్నంతకాలం ఒక ఏడాది ముందుచూపు సరిపోతుంది. అది తగ్గాక సిల్వర్ మేపుల్, హాక్‌బెర్రీ, బర్ ఓక్ మీద ఆధారపడాలి, అంటే కనీసం రెండేళ్ల కట్టె పేర్చి ఉండాలి. ఈ కుటుంబం ఆ రెండో వరుసకు చోటు చూసుకుని గారేజీ వెనుక ప్యాలెట్లు పరిచింది. వసంతపు గాలివానల తరువాత కాంట్రాక్టర్లు దుంగలు దింపే రోజులూ, గ్రైండర్ వచ్చే వారమూ సైటు సిబ్బందిని అడిగి కాలెండరులో రాసుకున్నారు. తాడు వెనుక ఉన్న బర్ ఓక్‌ను ఈ అక్టోబరులో మళ్లీ చీల్చి కొలుస్తాం.